కోటలో పాట, లార్డ్స్‌లో ఆట

కిందటి భాగం విజయనగరం వారసత్వ దావా 1913లో రాజీతో ముగిసిన చోట ఆగింది. మహారాజా ఆనంద గజపతిరాజు 1897లో కన్నుమూశాక ఏళ్ళ తరబడి సాగిన తగాదా అది. ఆయన తోబుట్టువు రీవా రాణి అప్పలకొండమాంబ తరఫున ఆ కాగితాల మధ్య గురజాడ అప్పారావు జీవితంలోనూ మంచి ఏళ్ళు కరిగిపోయాయి. రాజీతో గద్దె నిలిచిన విజయరామ గజపతిరాజు 1922లో పోయారు. సంస్థానం పెద్ద కొడుకు అలక్ నారాయణ గజపతికి దక్కింది. 1905 డిసెంబరు 28న పుట్టిన రెండో కొడుకు విజయానంద గజపతిరాజు కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల దగ్గరికి మకాం మార్చారు. గద్దె లేని రాజకుమారుడు కనుక ఆయన హోదా మహారాజ్‌కుమార్. పత్రికలకూ, స్నేహితులకూ, తర్వాత తరాలకూ ఆయన విజ్జీ. విజయనగరంలో ఇవాళ ఆయన పేరు మీద స్టేడియం ఉంది. దేశంలో మిగతా చోట్ల ఆయన పేరు చెబితే క్రికెట్ తెలిసినవాళ్ళకు గుర్తొచ్చేది 1936 ఇంగ్లండ్ పర్యటన, ఆ వెనకే ఒక నవ్వు. ఆట రాని రాజుగారు డబ్బుతో కెప్టెన్సీ కొనుక్కుని జట్టును ముంచారన్నది ఆ నవ్వు వెనక ఉన్న కథ. కథలో అబద్ధం తక్కువే. కానీ తప్పంతా ఒక మనిషి నెత్తిన వేయడం వల్ల అసలు ముద్దాయి తప్పించుకుంటోందన్నది ఈ భాగంలో నా వాదన. ఆ ముద్దాయి విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో గట్టిపడిన అమెచూర్ నియమం. ఆ నియమం మన దేశానికి వచ్చాక ఎవరిని కెప్టెన్‌గా నిలబెట్టగలదో, విజ్జీ సరిగ్గా ఆ మనిషి.

ముందు ఆ నియమం సంగతి. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో క్రికెటర్లు రెండు కులాలు. ఆడినందుకు జీతం పుచ్చుకునేవాడు ప్రొఫెషనల్, పుచ్చుకోనివాడు అమెచూర్. కులాలు అన్నది ఊరికే అలంకారానికి కాదు. డ్రెస్సింగ్ గదులు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు వేరు, ప్రయాణంలో బసలు వేరు. స్కోరు కార్డు మీద అమెచూర్ పేరుకు ముందు పొడి అక్షరాలు ఉండేవి. ప్రొఫెషనల్‌కు ఇంటిపేరు ముందు, అక్షరాలు తర్వాత. 1950లో లార్డ్స్ మైదానంలో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్రవాడి అక్షరాలు పొరపాటున పేరుకు ముందు పడితే, మైకులో ప్రకటన చేసి మరీ సవరించారు. మడి అంటే ఏమిటో మన అగ్రహారాలకు కొత్త కాదు గానీ, అచ్చుతప్పుకు కూడా మైల పట్టడం మాత్రం కొంచెం ఎక్కువే. 1806లో మొదలైన జెంటిల్మెన్, ప్లేయర్స్ పందెం ఈ విభజన పుణ్యమా అని 1962 దాకా నడిచింది. జెంటిల్మెన్ అంటే అమెచూర్లు, ప్లేయర్స్ అంటే కూలికి ఆడేవాళ్ళు. ఇన్ని తేడాల్లో మనకు కావలసింది ఒక్కటి: కెప్టెన్ అమెచూరే అయి ఉండాలి. ఇంగ్లండు జట్టుకు ప్రొఫెషనల్ కెప్టెన్ అయ్యే రోజు రాకూడదని అమెచూర్ల పెద్ద లార్డ్ హాక్ 1925లో దేవుణ్ణి ప్రార్థించారు. మరుసటి ఏడే మాంచెస్టర్ టెస్టు మధ్యలో కెప్టెన్ కార్ జబ్బు పడితే ప్రొఫెషనల్ అయిన జాక్ హాబ్స్ జట్టును నడిపారు. ఆకాశమేమీ విరిగి పడలేదు. అయినా లెన్ హటన్ రూపంలో ఒక ప్రొఫెషనల్‌కు ఆ పదవిని నియమంగా అప్పగించడానికి 1952 దాకా ఆగారు.

ఈ నియమం పైకి చెప్పుకున్న ధర్మం ఒకటి, లోపల నడిచిన లెక్క మరొకటి. కూలి పుచ్చుకునేవాడు యజమాని మాట వినాలి, పుచ్చుకోనివాడే స్వతంత్రంగా, నిష్పక్షపాతంగా జట్టును నడపగలడన్నది ధర్మం. లెక్కకు వస్తే, అమెచూర్లలో అందరికంటే పెద్దవాడైన డాక్టర్ డబ్ల్యు.జి. గ్రేస్ 1891-92లో ఆస్ట్రేలియా పర్యటనకు మూడు వేల పౌన్లు తీసుకున్నారు. ఏ ప్రొఫెషనలూ కలలో కూడా చూడని సొమ్ము అది. అయినా పేరుకు ముందు అక్షరాలు అలాగే ఉన్నాయి. అసలైన అమెచూర్‌గా బతకాలంటే మాత్రం ఒకటి తప్పనిసరి: పొట్టకూటికి వేరే దారి ఉండాలి, ఆ దారి ఆటకు తీరిక ఇవ్వాలి. తాతల ఆస్తి లేనివాళ్ళకు ఈ రెండూ కలిసొచ్చిన వృత్తుల్లో ముఖ్యమైనది న్యాయవాదం. కేసులు టర్ముల వారీగా నడుస్తాయి. ఇంగ్లండు కోర్టులు ఆగస్టులో మూతపడి అక్టోబరు దాకా తెరుచుకోవు. ఆగస్టు అక్కడ నిండు క్రికెట్ నెల. కౌంటీ జట్లలో ఆగస్టు రాగానే కొత్త అమెచూర్ పేర్లు కనపడటంలో వింత లేదు.

అలాంటివాళ్ళలో ఇద్దరు ఈ కథకు కావాలి. ఒకరు ఆల్ఫ్రెడ్ లిటిల్టన్. ఈటన్, కేంబ్రిడ్జ్ చదువు, 1881లో బారిస్టరు పట్టా. ఇంగ్లండు తరఫున క్రికెట్టూ, ఫుట్‌బాలూ రెండూ ఆడిన మొదటి మనిషి. 1884లో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా 551 పరుగులు చేస్తుంటే విసిగిపోయిన ఇంగ్లండు పదకొండు మందిచేతా బౌలింగ్ చేయించింది. వికెట్ కీపర్ లిటిల్టన్ కాళ్ళకు ప్యాడ్లు ఉండగానే, చేయి కిందినుంచి బంతులు విసిరి 19 పరుగులకు 4 వికెట్లు తీశారు. ఆయన తర్వాత కలోనియల్ సెక్రటరీ అయ్యారు. 1913లో క్రికెట్ బంతి దెబ్బ తగిలాక, దాని ఫలితంగానే పోయారు. రెండోవారు మాల్కం జార్డిన్. 1892లో ఆక్స్‌ఫర్డ్ తరఫున కేంబ్రిడ్జ్ మీద లార్డ్స్‌లో 140 పరుగులు కొట్టిన యువకుడు, ఆ తర్వాత బారిస్టరై బొంబాయికి వచ్చి అక్కడ లా పాఠాలు చెప్పి, చివరికి బొంబాయి అడ్వకేట్ జనరల్ అయ్యారు. 1900లో బొంబాయిలో పుట్టిన ఆయన కొడుకు డగ్లస్ కూడా లా చదివి సొలిసిటర్ అయినవాడే. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత జట్టు మొట్టమొదటి టెస్టు ఆడిన రోజున ఎదుటి జట్టు కెప్టెన్ ఈ డగ్లస్ జార్డినే. మన వైపు కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం కుర్రవాడు. ఆయన తాత నారాయణస్వామి నాయుడు పేరున్న ప్లీడరు, తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కూడా న్యాయవాదే. రెండు వైపులా వకీళ్ళ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే టాసుకు నడిచారు. ఇంగ్లండు నమూనా మన దేశంలోనూ వేరుపట్టిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదనిపిస్తుంది.

కానీ ఆ సాక్ష్యం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇంగ్లండు లాయరు కొడుకు లాయరై క్రికెట్ ఆడగలిగాడు. మన లాయరు కొడుకు లాయరు కాలేదు, 1923లో హోల్కర్ మహారాజు సైన్యంలో ఉద్యోగంలో చేరాడు. ఎందుకు? చాలామంది పట్టించుకోని ఒక మామూలు కారణం ఉంది. మన కోర్టులకు పెద్ద సెలవులు మే, జూన్ ఎండల్లో. ఆ నెలల్లో విజయనగరంలోనో, నాగపూర్‌లోనో క్రికెట్ ఆడాలంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. మన క్రికెట్ కాలం చలికాలం, వాయిదాలు ముమ్మరంగా పడేదీ, వకీలు సంపాదించుకునేదీ అప్పుడే. విక్టోరియా యుగపు అమెచూర్‌ను పెంచిన తీరిక మన వాతావరణంలో తలకిందులైంది. ఆదివారం క్లబ్బు ఆటకు ప్లీడర్లు సరిపోతారు. నాలుగు నెలల విదేశీ పర్యటనకు సరిపోరు. మద్రాసులో 1888లో యునైటెడ్ క్లబ్బు పెట్టి దక్షిణాదిలో భారతీయుల క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు కూడా దుబాషీల కుటుంబపు ఆస్తి మీద నిలబడ్డవారే. అలా జల్లెడ పడితే పైన మిగిలేది ఒక్క వర్గం: రాజులు, నవాబులు, జమీందార్లు. ఎవరి దగ్గరా జీతం తీసుకోనివాడు కెప్టెన్ కావాలనే షరతు పెడితే, ఇంగ్లండులో దానికి కొన్ని వేల మంది అర్హులు, భారతదేశంలో పదుల్లోనే. ఆ పదుల్లో ఆట వచ్చినవాళ్ళు ఎందరుంటారో లెక్క వేసుకోవచ్చు.

విజ్జీ ఎదుగుదలను ఈ వెలుగులో చూడాలి. అజ్మీర్ మేయో కాలేజీలో, ఇంగ్లండు హెయిలీబరీలో చదివిన కుర్రవాడు 1926లో కాశీలో సొంత జట్టు పెట్టి, కోట ఆవరణలోనే మైదానం వేయించాడు. 1930-31లో శాసనోల్లంఘన కారణంగా ఇంగ్లండు క్రికెట్ పెత్తనం చేసిన ఎం.సి.సి. క్లబ్బు పర్యటన ఆగిపోతే, హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ ఇంగ్లండునుంచి రప్పించి భారతదేశం, సింహళం అంతటా ఆడించాడు. ఆ ఇద్దరూ అప్పటికి ప్రపంచంలోకెల్లా గొప్ప ఓపెనింగ్ జోడీ, ఇద్దరూ ప్రొఫెషనల్సే. ఇండోర్ హైస్కూలు కుర్రవాడు ముస్తాక్ అలీలో ప్రతిభ పసిగట్టి కాశీ తీసుకెళ్ళి శిక్షణ ఇప్పించాడు. 1933-34లో ఇదే డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టు పర్యటన మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది: కాశీలో విజ్జీ జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. వీటిలో ఏదీ మూర్ఖుడు చేయగల పని కాదు. మనుషులను ఎంచడం, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియడం, పెద్ద ఆటగాళ్ళను ఒప్పించడం ఆయనకు బాగా వచ్చు. రానిది ఆట. ఆయన తన జీవితంలో ఆడిన 47 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల సగటు 18.60. ఏ చిన్న కౌంటీలోనో ఎనిమిదో నంబరు బ్యాట్స్‌మన్ అంకె అది.

మరి అలాంటివాడు టెస్టు కెప్టెన్ ఎలా అయ్యాడు? భారత క్రికెట్ బోర్డుకు ఉదారంగా విరాళాలు ఇచ్చాడు. వైస్రాయి విల్లింగ్డన్ పేరు మీద ఢిల్లీ కోట్లా మైదానంలో పెవిలియన్ కట్టించాడు. 1932 పర్యటనకు ఒక ఉప పదవి దక్కితే ఆరోగ్యం, ఫామ్ బాగాలేవని తప్పుకున్నాడు. పాటియాలా మహారాజా భూపీందర్ సింగ్‌తో పోటీ పడుతూ నాలుగేళ్ళు ఓట్లు కూడగట్టాడు. 1936 పర్యటనకు బోర్డు కెప్టెన్‌ను ఎన్నుకునేటప్పటికి ఓట్లు ఆయన వైపు ఉన్నాయి. లంచం అనే మాట ఇక్కడ సరిపోదు. చందా ఇచ్చినవాడు ఊరేగింపులో ముందు నడవడం తప్పని ఆనాటి బోర్డులో ఎవరూ అనుకోలేదు. అమెచూర్ నియమమే వాళ్ళకు ఆ ధైర్యం ఇచ్చింది. కెప్టెన్సీకి కావలసింది పుట్టుకా, హోదా, జీతం తీసుకోకపోవడమూ అయినప్పుడు, బ్యాటింగ్ సగటు అడిగే హక్కు ఎవరికి ఉంటుంది?

1936 వేసవిలో జరిగింది చాలాసార్లు చెప్పుకున్నదే అయినా, వదంతులను పక్కన పెట్టి చూడటం మంచిది. విజ్జీ వెంట 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లు వెళ్ళారంటారు. జట్టు ఓపెనర్ విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేస్తే బంగారు గడియారం ఇస్తానని ముస్తాక్ అలీకి ఆశ పెట్టాడంటారు. సి.కె. నాయుడిని ఫలహారం బల్ల దగ్గర అవమానించినందుకే బాకా జిలానీకి ఓవల్‌లో టెస్టు టోపీ దొరికిందంటారు. ఈ కథలన్నీ కొట్టేసినా మిగిలేది చాలినంత ఉంది. లాలా అమర్‌నాథ్ అప్పటికి పర్యటనలో 613 పరుగులు, 32 వికెట్లతో జట్టుకు ప్రాణంగా ఉన్నాడు. భారతదేశం తరఫున మొదటి టెస్టు శతకం ఆయనదే. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద ఆడుతుండగా ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నవాణ్ణి పంపకుండా, వరుస మార్చి మార్చి, చివర్లో పంపారు. తిరిగొచ్చాక ఆయన డ్రెస్సింగ్ గదిలో సామాను విసిరికొట్టి పంజాబీలో నాలుగు మాటలు అన్నాడు. కెప్టెనూ, మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్సూ కలిసి ఆయన్ను ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. మొదటి టెస్టు మొదలు కావడానికి వారం రోజులు కూడా లేవు. ఆ టెస్టులో ఏం జరిగిందో చూడండి: భారత్ 147, మన బౌలర్ అమర్ సింగ్ 35 పరుగులకు 6 వికెట్లు తీయగా ఇంగ్లండు 134. ఇంగ్లండు గడ్డ మీద మన జట్టుకు మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం దక్కింది. రెండో ఇన్నింగ్స్ 93కే కుప్పకూలి తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది. ఆ 93లో ఒక అమర్‌నాథ్ ఇన్నింగ్స్ ఉండి ఉంటే అనే ప్రశ్న చరిత్రలో రుజువు చేయలేనిది, అయినా అడగకుండా ఉండలేనిది.

మాంచెస్టర్‌లో మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 చేసి మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ఆ మ్యాచ్ డ్రా. అక్కడే నలభై ఏళ్ళ వయసులో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసిన కోట రామస్వామి మన బుచ్చిబాబు కొడుకే. అంతకు పద్నాలుగేళ్ళ ముందు డేవిస్ కప్ టెన్నిస్ ఆడినవాడు. ఓవల్‌లో ఇంగ్లండు ఆటగాడు హామండ్ 217 కొట్టి మళ్ళీ తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించాడు. ఇంగ్లండు కెప్టెన్ గబ్బీ అలెన్ బంతి దెబ్బ తిని కూడా సి.కె. 81 పరుగులు చేసి తన టెస్టు జీవితం ముగించాడు. ఈ మూడు టెస్టుల్లో కెప్టెన్ విజ్జీ చేసిన మొత్తం పరుగులు 33. ఆ వేసవిలోనే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. టెస్టు సిరీస్ ఇంకా నడుస్తుండగానే బ్రిటిష్ రాజు చేతులమీదుగా అందుకున్నారు. క్రికెట్ పుస్తకాల్లో ఇంత సరిపోలని జత మరొకటి లేదు. తిరిగొచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. 1937 జనవరిలో వచ్చిన ఆ నివేదిక ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం కెప్టెన్‌కు తెలియలేదని, బ్యాటింగ్ వరుస ఏనాడూ నిలకడగా లేదని, కెప్టెన్సీ ఘోరంగా సాగిందని తేల్చింది. అమర్‌నాథ్‌ను నిర్దోషిగా ప్రకటించింది.

ఇక్కడ నా వాదనకు మొదటి అభ్యంతరం వస్తుంది. తప్పు నియమానిదైతే, 1932లో అదే నియమం కింద కెప్టెన్‌గా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు ఏం చేశారు? తనకు ఆట రాదని ఒప్పుకుని టెస్టు రోజున పక్కకు తప్పుకుని సి.కె.కు పగ్గాలు ఇచ్చారు కదా. విజ్జీ ఆ పని చేయలేదు, కాబట్టి లోపం మనిషిదే. అభ్యంతరం బలమైనదే, నేను దాన్ని సగం ఒప్పుకుంటాను. పోర్‌బందర్ పెద్దమనిషి, విజ్జీ కాదు. కానీ ఒక పద్ధతి మంచిగా నడవాలంటే పదవిలో ఉన్నవాడు దాన్ని వదులుకోవాల్సి వస్తోందంటే, ఆ పద్ధతిని సమర్థించేదేమిటి? పోర్‌బందర్ చేసింది నియమాన్ని పాటించడం కాదు, నియమం చేసిన తప్పును ఒక రోజుకు దిద్దడం. అలా దిద్దేవాడు ప్రతిసారీ దొరకడు.

రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. అదే 1936లో ఇంగ్లండు కెప్టెన్ గబ్బీ అలెన్ కూడా అమెచూరే. లార్డ్స్ టెస్టులో ఆయన రెండు ఇన్నింగ్స్‌లలోనూ ఐదేసి వికెట్లు తీశాడు. నియమం చెడ్డదైతే అక్కడ ఎందుకు పనిచేసింది? సమాధానం పైన కోర్టు సెలవుల దగ్గరే ఉంది. ఇంగ్లండు అమెచూర్ వెనుక వందల పాఠశాలలు, రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు, పదిహేడు కౌంటీలు ఉన్నాయి. అక్కడ జెంటిల్మన్ కావడం కెప్టెన్ అయ్యేవాడి మొదటి మెట్టే తప్ప ఆఖరిది కాదు. పైకి రావాలంటే వందమంది జెంటిల్మెన్‌లో ఆట చూపించి నెగ్గాలి. మన దగ్గర మొదటి మెట్టే ఆఖరి మెట్టు. అక్కడ కూడా ఈ పద్ధతి ఆట రాని కెప్టెన్లను కౌంటీలకు ఏటా అంటగట్టిందనీ, వాళ్ళ బరువు ప్రొఫెషనల్సే మోశారనీ మరచిపోకూడదు.

మూడో అభ్యంతరం మన జిల్లాల్లో ఎక్కువ వినిపించేది. రాజులు లేకపోతే క్రికెట్టే లేదు, డబ్బు పెట్టినవాడిని తిట్టడం కృతఘ్నత అని. డబ్బు సంగతి నిజమే, కొంతవరకు. బొంబాయిలో పార్సీలు, హిందువులు, ముస్లిములు ఆడిన పోటీలు టికెట్ల సొమ్ముతో, క్లబ్బుల చందాలతో నడిచాయి, రాజుల దయతో కాదు. 1926లో అదే బొంబాయి జింఖానాలో హిందూ జట్టు తరఫున సి.కె. 11 సిక్సర్లతో 153 కొట్టినప్పుడు చూడటానికి చెట్లెక్కినవాళ్ళు రాజుగారి అతిథులు కారు. అయినా విజ్జీ ఔదార్యాన్ని కాదనే పని లేదు. ప్రశ్న దాత ఎక్కడ కూర్చోవాలన్నది. దీనికి జవాబు విజయనగరం కోటలోనే, విజ్జీ సొంత ఇంట్లోనే ఉంది, అందుకే ఈ కథ నాకు విచిత్రంగా తోస్తుంది.

1919లో విజ్జీ తండ్రి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. చూపు లేని ఒక కుర్రవాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతో అది మొదలైందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్‌గా హరికథా విద్వాంసుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసును నియమించారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనం విని, నీకు పాఠం చెప్పేవాళ్ళెవరు, నువ్వే చెప్పు అన్నట్టుగా ఆయన్ను ఆచార్యుడిగా తీసుకున్నారు. ఆ తీర్పు చెప్పింది దాసుగారు, రాజుగారు కాదు. రాజు జీతం ఇచ్చాడు, భవనం ఇచ్చాడు, సభలో ముందు వరుసలో కూర్చున్నాడు. హరికథకు తానే గజ్జె కట్టుకుంటానని అనలేదు. విజయనగరం రాజవంశమైన పూసపాటి వారి పోషణ అంతకు ముందూ అదే తీరు. ఆనంద గజపతి డబ్బుతో మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. పాఠ పరిష్కరణ మాక్స్‌ముల్లర్‌దే. ఆనంద గజపతి ఆస్థానంలోనే గురజాడ కన్యాశుల్కం రాశాడు. నాటకంలో గిరీశం వేషం ఆనంద గజపతి అడగలేదు. విద్య తెలిసిన ప్రభువు కూడా విద్వాంసుడికి పీట వేసి పక్కన కూర్చోవడం ఆ కోట మర్యాద. 1936లో ద్వారం ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అదే ఏడాది అదే ఇంటి కుమారుడు లార్డ్స్‌లో సి.కె. నాయుడిని పక్కన పెట్టి తాను ముందు నడిచాడు.

తేడా మనిషిలోనిదా, కళలోనిదా? సంగీతంలో అపశ్రుతి వెంటనే వినపడుతుంది, కెప్టెన్సీలో తప్పు దాక్కుంటుంది కాబట్టి రాజులు అక్కడ తెగించారని ఒకరు అనవచ్చు. కాదనను. కానీ అంతకంటే పెద్ద తేడా ఉంది. సంగీతానికి మన దేశంలో అమెచూర్ నియమం లేదు. పాటకు సంభావన పుచ్చుకోవడం వల్ల నారాయణదాసు గౌరవం తరగలేదు. కండబలానికీ అంతే. పాత శ్రీకాకుళం జిల్లా వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కసు కంపెనీ పెట్టి టికెట్లు అమ్మి తన బలం చూపించాడు. జనం ఆయన్ను కలియుగ భీముడన్నారు. డబ్బు తీసుకుని గొలుసులు తెంచాడు కాబట్టి రెండో గేటులోంచి రమ్మని ఎవరూ అనలేదు. విద్యకు వెల ఉండటం, దాన్ని చేతులారా తీసుకోవడం ఇక్కడ తక్కువతనం కాదు. ఆ తక్కువతనం ఇంగ్లండునుంచి వచ్చింది, మేయో కాలేజీ, హెయిలీబరీ దారిన. విజ్జీ తండ్రిగారి పద్ధతిని మరచి లార్డ్ హాక్ పద్ధతిని నేర్చుకున్నాడు. ఆయన్ను విజయనగరం సంస్థానపు అలవాట్ల అవతారంగా చూపించే రచనలు ఈ ఒక్క విషయంలో సరిగ్గా తలకిందులుగా చదువుకున్నాయి.

బోమాంట్ ప్రధాన న్యాయమూర్తి, ఎదుట ఉన్న వ్యాజ్యం మీదే తీర్పు చెప్పాడు. కెప్టెన్ పనికిరాడన్నాడు, కెప్టెన్‌ను ఎంచే తీరు ఆయన ముందుకు రాలేదు. దాని ఫలితం 1946లో కనిపించింది. యుద్ధం తర్వాత మొదటి ఇంగ్లండు పర్యటనకు బోర్డు మళ్ళీ నవాబునే ఎంచింది, పటౌడీ ఇఫ్తికార్ అలీ ఖాన్‌ను. పోల్చడం న్యాయం కాదంటే ఒప్పుకోవాలి. ఆయన 1932లో ఇంగ్లండు తరఫున సిడ్నీలో మొదటి టెస్టులోనే శతకం కొట్టిన అసలైన ఆటగాడు. అయితే అప్పటికి ఆయన అలవాటు తప్పి ఏళ్ళయింది. దేశంలో పరుగుల వరద పారిస్తున్న మర్చంట్ ఉప నాయకుడిగా వెళ్ళాడు. నియమం ఈసారి మంచి ఆటగాణ్ణి పట్టింది, అంతే తేడా. 1947-48లో ఆస్ట్రేలియాకు వెళ్ళిన స్వతంత్ర భారత జట్టు కెప్టెన్ ఎవరో చెప్పాలా? పదకొండేళ్ళ కిందట ఓడెక్కించి ఇంటికి పంపిన లాలా అమర్‌నాథే.

విజ్జీ జీవితం అక్కడితో ఆగలేదు. 1954 నుంచి 1957 వరకు బోర్డు అధ్యక్షుడు, 1958లో పద్మభూషణ్, 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ సభ్యుడు, రేడియోలో వ్యాఖ్యాత. ఆయన క్రికెట్‌కు చేసిన మేలు లెక్క వేసేవాళ్ళు ఎక్కువగా కుర్చీలో కూర్చుని చేసిన పనులే చూపిస్తారు, బ్యాటు పట్టి చేసినవి కాదు. విశ్వవిద్యాలయాల జోన్ల మధ్య ఆయన పేరిట నడిచే విజ్జీ ట్రోఫీ ఆ కోవలోదే. అందులో ఆడేవాళ్ళు చదువుకునే కుర్రాళ్ళు, జట్టులో చోటు పరుగులూ వికెట్లూ చూసి ఇస్తారు. ఆయన 1965 డిసెంబరు 2న కాశీలో పోయారు. అప్పటికి ఇంగ్లండు అమెచూర్, ప్రొఫెషనల్ తేడాను నియమావళిలోంచి తీసేసి మూడేళ్ళయింది, మద్రాసు ప్రభుత్వం చేసిన 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పూసపాటి వారి జమీ పోయి అంతకంటే చాలా కాలమైంది. శృంగవరపుకోట, గజపతినగరం, చీపురుపల్లి రైతుల శిస్తు కోట ఖజానాకు చేరడం ఎలా ఆగింది, ఆ భూములు ఎవరి చేతికి వెళ్ళాయి అన్నది వచ్చే భాగంలో.